కంచె మీద నారింజ కోటు

పాలగది గోడకు పడ్డ బెజ్జంలో ఐడెల్లా స్కార్ చిటికెన వేలు పెట్టి చూసింది. వేలు సగానికి పైగా దిగింది. లోపల ఇంకా వెచ్చగా ఉన్నట్టు తోచింది. కాసేపటి కిందట ఆమె ఆ గోడకే ఆనుకుని నిలబడి బకెట్లు కడుగుతోంది. కడిగిన బకెట్టు బోర్లించడానికి వంగింది. వంగబట్టి బతికింది. తలమీద సున్నం పెళ్లలు రాలాయి. మోత తర్వాత వినిపించింది.

దుప్పుల వేట మొదలైన శనివారం అది. విస్కాన్సిన్ కొండల్లో నవంబరు చివరకు వచ్చేసరికి ప్రతి లోయలోనూ తుపాకులు పలుకుతాయి. ఐడెల్లాకు ఆ మోత కొత్త కాదు. ఉయ్యాలలో ఉన్నప్పటి నుంచీ విన్నదే. ఏ మోత ఎవరి తుపాకీదో వంటింట్లో కూచుని చెప్పగలదు. మొగుడు నార్వల్ తుపాకీ కొరడా ఝళిపించినట్టు పలుకుతుంది. అవతలి కొండ సెల్మర్ ఓస్ట్‌బీది ముసలి దగ్గు. ఆమె బెదిరింది మోతకు కాదు, అది వచ్చిన దిక్కుకు. తూటా పడమటి హద్దు నుంచి వచ్చింది. అక్కడ మంచె ఉంది.

ఆ మంచె సంగతి చెప్పాలి. పడమటి భూమి నైగార్డ్ ముసలాయనది. ఆయన పోయాక నగరంలోని వేట క్లబ్బు ఒకటి దాన్ని కొన్నది. దున్నడానికి కాదు, గొడ్లను కట్టుకోవడానికి కాదు. ఏడాదికి నాలుగు రోజులు వచ్చి కాల్చుకుని పోవడానికి. మిగతా రోజులన్నీ ఇంటికి తాళం. పొలం చేసుకుని బతుకుతానన్నవాడికి ఎకరం దొరకదు, పొద్దుపోనివాడికి కొండకు కొండే దొరుకుతుంది. లోకం తీరే అంత. సరే, కొంటే కొన్నారు. కంచెకు ఇంచుమించు ఆనించి ఇనప కాళ్ల మంచె నిలబెట్టారు. పైన పెట్టె, పెట్టెకు అద్దాల కిటికీలు, లోపల చలి కాచుకోను హీటరు. పెద్ద కిటికీ తిరిగి ఉన్నది స్కార్ల లూసర్న్ గడ్డి చేను వైపు. దుప్పులు మేసేది అక్కడే మరి. విత్తింది స్కార్లు, ఎరువు తోలింది స్కార్లు. ఆ గడ్డి తిని బలిసిన దుప్పి కొమ్ములు మాత్రం క్లబ్బు గోడకు.

ఆ లోయలో వేటకు పద్ధతులున్నాయి. ఎవరూ రాసిపెట్టలేదు, ఎవరూ తప్పలేదు. హద్దు దగ్గర మంచె కట్టకూడదు. కట్టక తప్పకపోతే దాని వీపు పక్కవాడి వైపు ఉండాలి. కొట్టం ఉన్న వైపు, ఇల్లున్న వైపు గొట్టం తిప్పకూడదు. అన్నిటికన్నా పెద్దది కోటు పద్ధతి.

నువ్వు కొట్టిన దుప్పి కంచె దాటి పక్కవాడి భూమిలో పడిందనుకో. తుపాకీని నీ వైపే కంచెకు ఆనించాలి. ఒంటి మీది నారింజ కోటూ టోపీ తీసి మూల గుంజకు తగిలించాలి. ఉత్త చేతులతో దాటాలి. కోటు చూసి ఇంటివాడికి తెలుస్తుంది, ఫలానా వాడు వచ్చాడు, తుపాకీ అవతల పెట్టి వచ్చాడు, తన మాంసం కోసం వచ్చాడు అని. ఎవరి కోటుకు ఎక్కడ అతుకుందో లోయంతటికీ తెలుసు. నైగార్డ్ వంటింటి కిటికీ సరిగ్గా ఆ మూల గుంజకు ఎదురుగా ఉండేది. కోటు కంటపడగానే ఆయన ఫ్లాస్కులో కాఫీ పోసుకుని దిగివచ్చేవాడు. ఒక కొమ్ము తాను పట్టేవాడు. తర్వాత స్కార్ల ఇంటి నుంచి ఆయనకు ఆ మాంసంతో చేసిన సాసేజీ వెళ్లేది. అనుమతి అడగడమంటే అదే. నోరు తెరిచి అడిగితే ముసలాయనకు కోపం వచ్చేది, నేనేమన్నా పరాయివాడినా అని.

మనిషిని చూసి దుప్పి అనుకోకుండా ఉండడానికే కదా ఆ నారింజ రంగు, మరి దాన్ని విప్పితే ఎలా అని ఎవరికీ తోచలేదు. ఆ వైపున కాల్చేవాడు నైగార్డ్ ఒక్కడే. ఆయన కోటును చూసే ఉంటాడు.

శనివారం మధ్యాహ్నం షెరీఫు మనిషి వచ్చి బెజ్జం చూశాడు. ఎవరు కాల్చారో నువ్వు కళ్లారా చూశావా అని అడిగాడు. ఆమె చూడలేదంది. అయితే ఎవరని రాసుకోమంటావన్నాడు. కాఫీ తాగి వెళ్లాడు. తర్వాత ఐడెల్లా తనే క్లబ్బు గేటు దాకా వెళ్లి మేనేజరు హేవర్టీతో మాట్లాడింది. హేవర్టీ చాలా మర్యాదస్తుడు. మాటకు ముందు నవ్వేవాడు. తమ సభ్యులకు ఎటు కాల్చాలో బాగా తెలుసన్నాడు. మంచె తమ నేల మీదే ఉందన్నాడు. అక్టోబరులో విల్లంబుల వేట సాగుతున్నప్పుడు ఒక పొద్దున ఆమె మంచె పక్కన ట్రాక్టరు తిప్పి, బకెట్లు మోగించి దుప్పుల్ని చెదరగొట్టిన సంగతి నవ్వుతూనే గుర్తుచేశాడు. కావాలని ఒకరి వేట చెడగొట్టడం ఈ రాష్ట్రంలో నేరమని, ఆ మాట ఆమెకు తెలియదేమోనని అన్నాడు. తూటా వచ్చి గోడలో దిగితే పొరపాటు. బకెట్టు మోగితే నేరం. చట్టం రాసినవాళ్లలో పాలు పితికిన చెయ్యి ఒక్కటీ లేదని ఐడెల్లాకు అప్పుడు అర్థమైంది.

ఆ రోజు నుంచి పాలగదిలో నిలబడి పని చెయ్యడం మానేసి, బకెట్లు కింద కూచుని కడిగింది. కొట్టంలో ఆవుల కోసం పెట్టే రేడియో కట్టేసింది, మోత ఎటు నుంచి వస్తుందో వినాలని. కుక్క మెడకు నారింజ గుడ్డ కట్టింది. పెయ్యలను పడమటి బీడుకు తోలనివ్వలేదు. నార్వల్ తెల్ల రుమాళ్లన్నీ ఏరి పరుపు కింద దాచి, ఎర్రవి చేతిలో పెట్టింది. బెదిరిన దుప్పి తోక ఎత్తితే కింద తెల్లగా మెరుస్తుంది. చెట్ల సందున తెల్లగా ఏది కదిలినా వేళ్లు దురదపెట్టేవాళ్లు ఉంటారు.

నార్వల్ నవ్వాడు. "ముక్కు తుడుచుకోవడానికి కూడా నీ పర్మిషన్ కావాలా ఏంటే?"

"నవ్వు, బాగా నవ్వు. పళ్లు కూడా తెల్లగానే ఉన్నాయి నీకు."

నార్వల్ మెత్తటి మనిషి. ఆవుకు సూది పొడిచినా ముందు దానికి క్షమాపణ చెప్పుకునే రకం. ఆ మెత్తదనం చూసే ఆమె అతన్ని చేసుకుంది. ఈ వారం ఆ మెత్తదనమే ఆమెకు గుబులు పుట్టించింది. హద్దు వైపు పోవద్దంది. పోను అన్నాడు. అంతటితో ఆగక, కొత్తవాళ్లు కదా, నిదానంగా నేర్చుకుంటారన్నాడు. "మనమే పద్ధతి తప్పితే వాళ్లకు పద్ధతి నేర్పేదెవరు?" అన్నాడు.

ఆ మాట ఆమెకు రాత్రంతా ముల్లులా గుచ్చుకుంది.

మర్నాడు పంటల పండగ అనగా బుధవారం. పొద్దుటి పాలు అయిపోయాయి. నార్వల్ తమ తోపులోని పాత చెక్క మంచె మీదికి వెళ్లాడు. అది హద్దుకు దూరం. ఐడెల్లా వంటింట్లో లెఫ్సె రొట్టెలకు బంగాళాదుంప ముద్ద వత్తుతోంది. తోపు నుంచి కొరడా ఝళిపించినట్టు ఒక్క మోత వచ్చింది. నార్వల్‌ది. ఒకే దెబ్బ అంటే తగిలిందన్నమాట. ఆమె మనసు కుదుటపడింది. ఇక ట్రాక్టరు కోసం వస్తాడు, దుప్పిని దాని మీద వేసుకురావడానికి.

రాలేదు.

పెనం మీద రొట్టెలు తిరగేసింది. మళ్లీ పెట్టింది. మళ్లీ తిరగేసింది. కిటికీ దగ్గరికి వెళ్లి చూసింది. ట్రాక్టరు ఉన్నచోటే ఉంది. దుప్పి దూరం పరిగెత్తి ఉంటుంది, వెతుక్కుంటున్నాడేమో అనుకుంది. ఎటు పరిగెత్తి ఉంటుంది అనే ప్రశ్న గుండెలో లేచింది. దాన్ని తొక్కిపెట్టింది. ఇంకో రొట్టె వత్తింది.

అప్పుడు మోగింది రెండోది. కొరడా కాదు, దగ్గూ కాదు. బరువుగా, దగ్గరగా. మంచె నుంచి. మోత చివర 'ధప్'మని ఒక చిన్న చప్పుడు.

వేట ఇళ్లలో పుట్టినవాళ్లకు ఆ 'ధప్' తెలుసు. తూటా ఒంట్లో దిగితేనే అది వస్తుంది. గాలిలోకి పోయిన దానికి రాదు, చెట్టుకు తగిలిన దానికి వేరే రకంగా వస్తుంది.

పొయ్యి కట్టెయ్యడం మర్చిపోయింది. ఒంటి మీద ఊదారంగు స్వెటరు, కాళ్లకు కొట్టం బూట్లు. పాలగది ముందు నుంచి పరిగెత్తుతూ ఒక బకెట్టు అందుకుంది. ఎందుకో ఆమెకే తెలియదు. చేతికి పట్టుకోను ఏదో ఒకటి కావాలి. ఆ లోయలో ఫోన్లు పలకవు. సెల్మర్ ఇంటికి వెళ్లి మనుషుల్ని తెచ్చేసరికి కాలం మించిపోతుంది. అదంతా ఆమె ఆలోచించలేదు. కాళ్లే ఆలోచించాయి.

కంచె పల్లంలోకి దిగే చోట మూల గుంజ. తుపాకీ బుద్ధిగా కంచెకు ఆనించి ఉంది, గొట్టం ఆకాశం వైపు. గుంజకు నారింజ కోటు. జేబు దగ్గర ఆమె కుట్టిన నీలం అతుకు. కోటు మీద టోపీ. కింద మంచు మీద, తీగకు ఇవతలా అవతలా నెత్తుటి చుక్కలు. పక్కన నార్వల్ బూట్ల గుర్తులు. ఒకే చోట బోలెడు గుర్తులు, నలిగిపోయి. అంటే ఇక్కడ నిలబడి చాలాసేపు చూశాడు, ఎవరన్నా వస్తారేమోనని. ఎవరు వస్తారు? నైగార్డ్ వంటింటి కిటికీకి చెక్కలు కొట్టి ఉన్నాయి. కోటు ఉన్నది పల్లంలో. మంచె ఉన్నది మిట్ట మీద, పొదల అవతల. ఆ కిటికీకి తప్ప ఈ గుంజ లోకంలో ఎవరికీ కనబడదు.

పద్ధతి ప్రకారం కోటు పెట్టాడు, పద్ధతి ప్రకారం ఎదురుచూశాడు, పద్ధతి ప్రకారం ఉత్త చేతులతో దాటాడు. ఒంటి మీద మిగిలింది కొట్టంలో వేసుకునే మట్టిరంగు కోటు. దుప్పి రంగు.

ఆమె నారింజ కోటు తీసి తొడుక్కుంది. టోపీ పెట్టుకుంది. కోటులో అతని వాసన. ఇది తను తొడుక్కుంటే అతను ఏం వేసుకుని వెనక్కి వస్తాడన్న పిచ్చి ఆలోచన వచ్చి కాసేపు చేతులు ఆడలేదు. తర్వాత తీగ ఎత్తి దూరింది. 'లోపలికి రాకూడదు' అన్న క్లబ్బు పలక ఆమె భుజానికి తగిలి ఊగింది.

బకెట్టు మీద పిడికిలితో కొడుతూ, "నార్వల్" అని అరుస్తూ నడిచింది. వేట చెడగొట్టడం నేరం. చెడనీ. ప్రతి చెట్టు వెనకా ఒక గొట్టం ఉన్నట్టుంది. వంగి నడవాలని ఒళ్లు చెబుతోంది. వంగితే మనిషి మనిషిలా కనబడడు. అందుకని మెడ బిగబట్టి నిటారుగా నడిచింది. నిటారుగా నడవడం అంత కష్టమని ఆమెకు అప్పటిదాకా తెలియదు.

నెత్తుటి చుక్కలు హేజెల్ పొదల దాకా పోయాయి. అక్కడ మంచు మీద పెద్ద మడుగు. దుప్పి పడిన చోటు. అక్కడి నుంచి ఈడ్చిన గాడి మొదలైంది. కొమ్ములు పట్టుకుని వెనక్కి వెనక్కి, వంగి, ఈడ్చి ఉంటాడు. పొదల పైనుంచి చూసేవాడికి ఏం కనబడి ఉంటుంది? మట్టిరంగు వీపు ఒకటి. దాని ముందు కదులుతున్న కొమ్ములు.

గాడి చివర గోధుమరంగు దిబ్బలా ఏదో పడి ఉంది. ఒక కొమ్ము నిలబడి ఉంది. రెండోది మొదలంటా విరిగి, తెల్లటి ముక్కలు మంచు మీద చెదిరి ఉన్నాయి. దిబ్బ కదలలేదు.

బకెట్టు మీది పిడికిలి ఆగిపోయింది.

"ఆగు. అక్కడే ఆగు," అంది దిబ్బ.

నార్వల్ గొంతు. గొంతులా లేదు, తడిగుడ్డ పిండినట్టు ఉంది. దుప్పి అవతల బోర్లా పడుకుని ఉన్నాడు, మొహం మంచులో పెట్టి.

"తగిలిందా?"

"చెయ్యి. చెయ్యే అనుకుంటా. నన్ను లేవమనకు. లేస్తే కాలుస్తాడు. ఇందాక తల ఎత్తితే గొట్టం ఇటు తిరిగింది. అరిచాను. వాడికి వినబడట్లా."

ఆమె తల తిప్పి చూసింది. మిట్ట మీద మంచె. ఆ వైపు చిన్న కిటికీ బెత్తెడు తెరిచి ఉంది. సందులోంచి నల్లగా గొట్టం. దాని వెనక మనిషి చెవులకు పెద్ద మూతలు పెట్టుకున్నాడు. బకెట్టు కొడితే వినడు. ఏడిస్తే వినడు. పిలిస్తే వినేవాడైతే అంత దూరం నుంచి పిలిచినా వినేవాడు. వెచ్చటి పెట్టెలో కూచుని, చెవులు మూసుకుని, ఒంటికన్నుతో లోకాన్ని చూసేవాడికి దుప్పి తప్ప ఏం కనబడుతుంది?

"నీ ఒంటి మీద కోటుంది," అన్నాడు నార్వల్. "తిన్నగా నడువు. వంగొద్దే. పరిగెత్తొద్దు."

పొదలకూ మంచెకూ మధ్య చెట్టన్నది లేదు. క్లబ్బువాళ్లు నరికించారు, గురి బాగా కుదరాలని. ఐడెల్లా ఆ ఖాళీలోకి అడుగుపెట్టింది. నార్వల్‌కూ గొట్టానికీ మధ్యగా నడిచింది. అలా నడిస్తే తూటా ముందు తనకు తగులుతుంది. ఆ లెక్క ఆమె వేసుకునే నడిచింది. ధైర్యం కాదది. పళ్లు టకటకలాడాయి. తుపాకీ మీది దుర్బిణీలోంచే వాడు చూస్తున్నాడని ఆమెకు తెలుసు. అంటే వాడి కంట తాను పడిన మరుక్షణం గొట్టం తన రొమ్ము మీద ఉన్నట్టే. కోటు మీద నీలం అతుకు ఉన్న చోటు చిమచిమలాడింది. బకెట్టును రెండు చేతులతో తల పైకి ఎత్తి పట్టుకుంది. దుప్పులు బకెట్లు ఎత్తవు. ఆ సంగతన్నా తెలిసి ఉంటుందని.

గొట్టం కదిలింది. ఆమె ఆగలేదు. ఆగితే మళ్లీ అడుగు పడదని తెలుసు.

మంచె కిందికి చేరి, బకెట్టుతో ఇనప కాలిని బలమంతా పెట్టి బాదింది. మళ్లీ బాదింది. పెట్టె అదిరింది. పైన కాళ్లు తడబడిన చప్పుడు. కిటికీ పూర్తిగా తెరుచుకుంది. గడ్డం నున్నగా గీసుకున్న మొహం, కొత్త నారింజ కోటు, మడతలు కూడా పోలేదు.

"ఎవరమ్మా నువ్వు? ఏం చేస్తున్నావ్ ఇక్కడ?" చెవి మూత ఒకటి పక్కకు లాగుతూ గుసగుసగా కసిరాడు. "మంచి దుప్పిని కొట్టాను. అదిగో పడింది. ఇంకా కదులుతోంది, రెండో దెబ్బ వేద్దామని చూస్తున్నా. అంతా చెడగొట్టావు."

"ఆ దుప్పికి పెళ్లాం ఉంది," అంది ఐడెల్లా. "నేనే."

అతనికి అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. ముందు నవ్వబోయాడు. తర్వాత ఆమె చూపు వెంట పొదల వైపు చూశాడు. అక్కడ నార్వల్ మోకాళ్ల మీద లేస్తున్నాడు, ఒక చెయ్యి పైకెత్తి. ఇంకో చేతి నుంచి నెత్తురు మణికట్టు మీదుగా కారుతోంది. మంచెలో మనిషి మొహం సున్నం కొట్టినట్టయింది. తుపాకీ కిందపెట్టి కిటికీ చెక్క పట్టుకున్నాడు.

"కొమ్ములు కదిలాయి," అన్నాడు. ఆ తర్వాత ఎవరేం అడిగినా అదే అన్నాడు. కొమ్ములు కదిలాయి. కొమ్ములు కదిలాయి. నిచ్చెన దిగడానికి అతని కాళ్లు రాలేదు.

ఐడెల్లా నార్వల్ దగ్గరికి తిరిగి పరిగెత్తింది. తూటా కొమ్మును విరిచి దుప్పి మెడలో దిగింది, ఎముక ముక్కలు అతని అరచేతిలో దిగాయి. ఇంకో బెత్తెడు ఇటైతే ముంజెయ్యి, ఇంకో మూరెడైతే పొట్ట. అతని ప్యాంటు ముందు భాగం తడిసి ఉంది. ఐడెల్లా అది చూడనట్టే, నారింజ కోటు విప్పి అతని భుజాల మీద కప్పి, ముందుకు లాగి బొత్తాలు పెట్టింది. నార్వల్ మంచె వైపు తల ఎత్తి, చిన్నపిల్లవాడు బడిలో చెప్పినట్టు చెప్పాడు.

"మీ భూమిలోకొచ్చానండీ. కోటు గుంజకు పెట్టే వచ్చాను. అడుగుదామంటే ఇంట్లో ఎవరూ లేరు."

ఆ మాటకు ఆమెకు ఏడుపు వచ్చింది. అప్పటిదాకా రాలేదు.

మోత విని హేవర్టీ చిన్న జీపు వేసుకుని వచ్చాడు. ఈసారి ముందు నవ్వలేదు. నార్వల్ చేతికి తన జీపులోని కట్టు తనే కట్టాడు, అంతవరకు మనిషే. కట్టు ముడి వేస్తూ మేనేజరు అయ్యాడు. వేట రోజుల్లో నారింజ కోటు లేకుండా తిరగడం చట్టరీత్యా తప్పన్నాడు. అనుమతి లేకుండా పరాయి భూమిలోకి రావడం రెండో తప్పు. మంచెను బాదడం మూడోది. అయినా ఇరుగుపొరుగు కాబట్టి క్లబ్బు ఫిర్యాదు చెయ్యదన్నాడు, అవతలి వైపు నుంచి కూడా ఫిర్యాదు లేకపోతే. దుప్పిని తీసుకుపొమ్మని దానంగా ఒక మాట కలిపాడు.

అన్నీ నిజాలే. అదే కదా కడుపుమంట. కాగితం మీద తప్పంతా నార్వల్‌దే.

"కోటు విప్పడం మా తప్పే," అంది ఐడెల్లా. "చూడకుండా కాల్చడం ఎవరిది?"

"అతను మా అతిథి," అన్నాడు హేవర్టీ. అది జవాబని అతను నిజంగానే అనుకున్నాడు.

ఆమె ఫిర్యాదు రాయించింది. పట్నం ఆసుపత్రిలో నార్వల్ చేతికి కుట్లు పడుతుండగానే రాయించింది. దాని వల్ల ఏదో అవుతుందని కాదు. మంచె అక్కడే ఉంది. వేట ఇంకా ముగియలేదు. రేపు పండగ, ఎల్లుండి మళ్లీ కాలుస్తారు. నార్వల్ కుట్టు ఊడకముందే కంచె చూడ్డానికి వెళతాడు, ఆ మనిషిని ఆపలేం. ఇంకోసారి తెలియనివాడి గొట్టం ఇంకో కిటికీలోంచి బయటికొస్తుంది. ఆమెకు కళ్లు మూస్తే ఆ 'ధప్' వినబడింది.

పండగ పొద్దున సెల్మర్ ఓస్ట్‌బీ పలకరించడానికి వచ్చాడు, పెళ్లాం చేసిన గుమ్మడికాయ తీపి రొట్టె ఒకటి పట్టుకుని. జరిగిందంతా విన్నాడు. "ఆ కోటు పద్ధతి మా నాన్నోళ్లు పెట్టింది," అన్నాడు, ఏదో నేరం ఒప్పుకున్నట్టు. "చూసేవాళ్లు ఉన్నప్పుడు పెట్టింది."

"చూడనివాళ్లకు చూపించాలి కదా, మావా," అంది ఐడెల్లా.

ఆ ప్రాంతంలో కంచెకు ఒక పాత నియమం ఉంది. హద్దు మధ్యలో ఇద్దరు పొరుగువాళ్లూ ఎదురెదురుగా నిలబడితే ఎవరి కుడిచేతి సగం వాళ్లది. బాగుచెయ్యడం, తీగ బిగించడం వాళ్ల వంతు. మంచె ముందున్న సగం స్కార్ల వంతు. నైగార్డ్ రోజుల నుంచీ వాళ్లదే. క్లబ్బువాళ్లు కూడా అలాగే వదిలేశారు, ఖర్చు తప్పుతుందని.

ఐడెల్లా ఇంట్లో ఉన్న నారింజ గుడ్డలన్నీ బుట్టలో వేసుకుని ఆ కంచె దగ్గరికి వెళ్లింది. పాత కోట్లు, చిరిగిన టోపీలు, కుక్క మెడ గుడ్డ. సెల్మర్ తన అటక ఖాళీ చేశాడు. కబురు కొండల మీదుగా పాకింది. పండగ భోజనాలు అయ్యాక లోయలోని వాళ్లు ఒక్కొక్కరే వచ్చారు. చచ్చిపోయినవాళ్ల కోట్లు కూడా తెచ్చారు. అతుకులు చూసి ఇది ఫలానా వాడిది, ఇది ఫలానా వాడిదని చెప్పుకున్నారు. మంచె పెద్ద కిటికీకి ఎదురుగా ప్రతి గుంజకూ ఒక కోటు. గాలి వీచినప్పుడల్లా చేతులూపే కోట్ల వరస. వాటి మధ్యలోంచి ఏ దుప్పీ గడ్డి చేనులోకి రాదు. మంచెలో కూచున్నవాడు కళ్లు మూసుకుంటే తప్ప ఆ రంగు చూడకుండా ఉండలేడు.

మర్నాడు హేవర్టీ కంచె దగ్గరికి వచ్చి ఇదంతా ఏమిటన్నాడు.

"మా వంతు కంచె. బట్టలు ఆరేసుకుంటున్నాం."

"ఈ చలిలోనా?"

"మావి నిదానంగా ఆరతాయి."

ఇది కూడా కోర్టు దాకా వెళుతుందని చెప్పి అతను వెళ్లిపోయాడు. వెళ్లనీ. ఆమె వెనక నిలబడ్డవాళ్లు నవ్వారు. ఐడెల్లా నవ్వలేదు. దూరం నుంచి చూస్తే ఆ కోట్లు గుంజలకు కట్టేసిన మనుషుల్లా ఉన్నాయి. వాటిలో ఒకటి కాస్త గట్టిగా ఊగితే చాలు, ఆమె ఉలిక్కిపడి అటు తిరిగేది.

ఆ సాయంత్రం నార్వల్ కోట్లు ఎగిరిపోకుండా కట్టి ఉన్నాయో లేదో చూసొస్తానన్నాడు. ఆమె వద్దనలేదు. నారింజ కోటు తనే తొడిగి, టోపీ చెవుల దాకా లాగి, బాగున్న చేతికి బకెట్టు తగిలించి, ఇంకో చేతి వేళ్ల మధ్య చిన్న కట్టెపుల్ల పెట్టింది. మోగిస్తూ పో అంది. ఆపకు అంది. పాతికేళ్ల కాపురంలో మొదటిసారి అతను ఎదురు జోక్ వెయ్యలేదు.

పాలగదిలో ఆమె కింద కూచుని బకెట్లు కడిగింది. తలకు పైన గోడలో ఆ బెజ్జం అలాగే ఉంది, పూడ్చనివ్వలేదు. అందులోంచి సన్నగా గాలి, గాలితో పాటు టంగ్ టంగ్ మని చప్పుడు వస్తోంది. గడ్డి చేను దగ్గర. మిట్ట దగ్గర. పల్లంలోకి దిగినట్టుంది, చిన్నదైంది.

ఆగిపోయింది.

ఆమె చేతులు నీళ్లలో ఆగిపోయాయి. కొట్టంలో ఆవు ఒకటి గిట్ట కొట్టుకుంది. ఎక్కడో దూరంగా సెల్మర్ కుక్క అరిచింది. ఆమె మోత కోసం ఎదురుచూసింది, మోత చివర వచ్చే దాని కోసం. బెజ్జం వైపు చెవి పెట్టి, అలాగే ఉండిపోయింది.

టంగ్.

పల్లంలోంచి మళ్లీ. చేతి నొప్పికి పుల్ల జారిపడి ఉంటుంది, ఏరుకుని ఉంటాడు.

ఐడెల్లా నీళ్లలోంచి చెయ్యి తీసి, తన బకెట్టు మీద ఒక్క దెబ్బ కొట్టింది, విన్నానని చెప్పడానికి. తర్వాత కడగడం మొదలుపెట్టలేదు. అతను ఇంటి మెట్లెక్కేదాకా ఆ గోడకు చెవి పెట్టుకునే కూచుంది.